నూరు మార్కులు అడుగున

ఎక్కువ మార్కులు పైన ఉండవలెనని పైథాన్ భాషలో పట్టిక వ్రాసి, అమలాపురంలో మేము తొలిసారి అచ్చు తీసిననాడు, నూటికి నూరు తెచ్చుకొన్న మా తోటి విద్యార్థిని పేరు అట్టడుగున వచ్చినది. ఆమె ముఖం చూచి సిగ్గుపడ్డాము. తప్పు యంత్రానిది కాదు. మార్కులను మేము సంఖ్యలుగా గాక అక్షరాల వలె ఇచ్చాము. ఆ లెక్కన తొలి గుర్తులైన 1, 4లను పోల్చి, 45 కంటె 100 చిన్నదన్నది! ‘ఇంట్’ అని ఒక్క మాట చేర్చగానే ఆమె పేరు పైకెక్కినది.

ఊళ్ళ పేర్లు మాత్రం లొంగలేదు. మన కంటికి అమలాపురం అయిదక్షరాలు, కొత్తపేట నాలుగు. గుణింతపు గుర్తులను, సున్నను, పొల్లును విడివిడిగా ఎంచే పైథానుకు రెండూ ఎనిమిదే. ఎన్ని ఖాళీలు నింపినా నిలువు వరుస వంకరే. చివరకు అంకెలను ముందుంచి, ఊరి పేరును కుడి కొసకు జరిపాము.