ఆళ్లగడ్డలో గ్రీన్ టీ కబుర్లు

నంద్యాల బస్టాండులో బస్సెక్కితే ఆళ్లగడ్డ సుమారు 40 కిలోమీటర్లు. ఎడమవైపు కిటికీ దగ్గర సీటు దొరికిందా, నల్లమల కొండలు మన వెంటే వస్తాయి. శిరివెళ్ల దాటి ఆళ్లగడ్డ చేరేసరికి శిల్పుల ఉలి చప్పుడు వినిపిస్తుంది. రాతిలోంచి దేవుళ్లు లేచి వస్తుంటే నిలబడి చూడబుద్ధేస్తుంది గానీ, నేను వెళ్లింది మా వదినను చూడటానికి.

మనిషి పాలిపోయి ఉంది. "ఏం వదినా, ఇట్లయిపోయినావు?" అంటే, "రాత్రన్నం మానేసినా. తిన్న వెంటనే గ్రీన్ టీ తాగుతాండా. కొవ్వు కరుగుతాదంట" అంది. అసలే రక్తం తక్కువని డాక్టరమ్మ ఐరన్ మాత్రలు రాసిచ్చింది. ఆ మాత్ర కూడా ఆ టీతోనే మింగుతోంది!

గ్రీన్ టీ, మనం రోజూ కాచుకునే టీ పొడి రెండూ ఒకే మొక్క ఆకులేనండీ. గ్రీన్ టీకి ఆకు కోయగానే వేడి తగిలిస్తారు కాబట్టి అందులో కేటెచిన్లు అనే వగరు పదార్థాలు ఎక్కువగా నిలుస్తాయి. వాటిలో ముఖ్యమైనది ఇ.జి.సి.జి. అదీ, కెఫీనూ కలిసి ఒంట్లో కొవ్వు ఖర్చును కొద్దిగా పెంచుతాయట. ఎంత కొద్దిగా అంటే, అంతవరకూ జరిగిన పరీక్షలన్నిటినీ 2012లో కోక్రేన్ సంస్థ వారు కలిపి చూస్తే, తగ్గిన బరువు లెక్కలోకి వచ్చేంత లేదని తేలింది.

పైగా ఆ వగరే మన పప్పు, ఆకుకూరల్లోని ఇనుమును ఒంటికి పట్టనివ్వదు. అందుకే భోజనానికీ టీకీ మధ్య గంటైనా ఎడం ఉండాలి. ఐరన్ మాత్ర మంచినీళ్లతోనే వేసుకోవాలి. వదినకు ఇదంతా చెప్పి, ఆ రాత్రి కొర్రన్నం, తోటకూర పప్పు చేసి పక్కన కూర్చుని తినిపించాను. ఆ కొర్రలు నేను నంద్యాల నుంచి తీసుకెళ్లినవే. అక్కడి వ్యవసాయ పరిశోధనా కేంద్రం వారు 'సూర్యనంది' అని ఒక కొర్ర రకాన్నే తయారుచేశారు. కొర్రన్నం కొంచెం తిన్నా కడుపు నిండినట్టుంటుంది.

మరి గ్రీన్ టీ దండగేనా? కాదు. రోజుకు మూడుసార్లు, రెండేసి చెంచాల చక్కెర వేసి పాల టీ తాగేవాళ్లు దాని బదులు చక్కెర లేని గ్రీన్ టీ తాగితే, ఒక్క చక్కెరలోనే సుమారు 100 క్యాలరీలు మిగులుతాయి. తేనె పోసుకుంటే మాత్రం ఆ మిగులు ఉండదు. నీళ్లు మరిగాక దించి, రెండు నిమిషాలు ఆగి ఆకు వేయండి. మరో రెండు నిమిషాలకు వడగట్టేయండి, లేకపోతే చేదెక్కుతుంది.

గ్రీన్ టీ సారం మాత్రల జోలికి మాత్రం డాక్టరును అడగకుండా పోవద్దు. ఇ.జి.సి.జి.ని మాత్రల రూపంలో రోజుకు 800 మిల్లీగ్రాములు, అంతకు మించి తీసుకుంటే కాలేయం దెబ్బతినే సూచనలు కనిపించాయని 2018లో ఐరోపా ఆహార భద్రతా సంస్థ వారు చెప్పారు.