పూజల వేళ రేడియో కబుర్లు

మన తెలుగువాళ్లకు కదమా గణేశ్ మైదానంలో వినాయకుడితోనే పండగలు మొదలైనా, జంషెడ్‌పూర్ మొత్తానికి అసలు గోల సెప్టెంబర్ 17న, విశ్వకర్మ పూజ నాడు. గ్యారేజీలు, వర్క్‌షాపులు, ఆటో స్టాండులు, ఎటు చూసినా మైకులే. ఒక పందిట్లో భోజ్‌పురి, పక్క పందిట్లో కిశోర్ కుమార్, రోడ్డు దాటితే బెంగాలీ పాట. చెవులు పోతాయని ఏటా తిట్టుకుంటాం, ఏటా వెళ్తాం.

ఆ తర్వాత మహాలయ అమావాస్య. మనకది పితృదేవతల తిథి, బెంగాలీలకు దుర్గమ్మ రాకకు పిలుపు. తెల్లవారుజామున నాలుగింటికి కలకత్తా రేడియోలో ‘మహిషాసురమర్దిని’ రావాల్సిందే. బాణీకుమార్ రచన, పంకజ్ మల్లిక్ సంగీతం, బీరేంద్రకృష్ణ భద్ర గొంతు. 1931లో పుట్టిన కార్యక్రమం. మా క్వార్టర్ల వరసలో ఒక సెట్టు మోగితే పదిళ్లకు సరిపోయేది. సంస్కృత శ్లోకాలు కాబట్టి మా అమ్మకూ అర్థమయ్యేవి, మడి చీరతోనే గుమ్మంలో నిలబడి వినేది.

1976లో ఆకాశవాణి వారికి ఏం బుద్ధి పుట్టిందో, భద్రను పక్కనపెట్టి ఉత్తమ్ కుమార్‌తో కొత్త కార్యక్రమం చేయించారు. జనం భగ్గుమన్నారు. మా పక్కింటి మాసీమా ఆ రోజంతా ఎవరితోనూ సరిగ్గా మాట్లాడలేదు. ఉత్తమ్ బొమ్మ వస్తే మొదటి ఆటకే వెళ్లే మనిషి ఆవిడ! షష్ఠి నాటికి భద్రను మళ్లీ వినిపించక తప్పలేదు. సినిమా హీరోని ఓడించిన గొంతు మరొకటి ఉందేమో నాకైతే తెలీదు.

మా ఇంట్లో ఉన్నది వాల్వు సెట్టు. స్విచ్చి వేశాక లోపల లైటు వెలిగి, సెట్టు వేడెక్కి, అప్పుడు గాని నోరు విప్పేది కాదు. గోడ నుంచి గోడకు కట్టిన రాగితీగ జాలీ ఏరియల్ మీద పిచ్చుకలు వాలితే నాన్న కర్ర పట్టుకుని లేచేవారు. రేడియోకి లైసెన్సు కూడా ఉండేది. పోస్టాఫీసులో డబ్బు కట్టి చిన్న పుస్తకంలో స్టాంపులు అంటించుకోవాలి.

బుధవారం రాత్రి ఎనిమిదింటికి మాత్రం సెట్టు మాది. సిలోన్ నుంచి బినాకా గీత్‌మాలా. 1952లో మొదలైంది. కేస్కర్ మంత్రిగా ఉన్న ఆ రోజుల్లో ఆకాశవాణి సినిమా పాటలను దూరం పెట్టింది, లాభం సిలోన్‌కి దక్కింది. మనవాళ్లు తేరుకుని 1957 అక్టోబర్ 3న వివిధభారతి పెట్టారు. గీత్‌మాలా వినిపించే అమీన్ సయానీ పలకరింపులో అక్కచెల్లెళ్లు ముందు, అన్నదమ్ములు తర్వాత. అది మా అక్కకు మహా ఇష్టం. ఇక ఫర్మాయిష్‌లలో ఝుమ్రీ తలైయా పేరు దేశమంతా మోగిపోయేది. కోడర్మా దగ్గర అభ్రకం గనుల ఊరు, ఇప్పుడు మన జార్ఖండ్‌లోనే ఉంది. ఉక్కు పోసే ఇంత పెద్ద ఊరు మాది, పాటలడగడంలో మాత్రం ఆ చిన్న ఊరి ముందు మేం దిగదుడుపే!

తెలుగు కావాలంటే ఉదయం ఢిల్లీ వార్తలు, జోలెపాళెం మంగమ్మగారి గొంతు. పాటలకు సిలోన్‌లో మీనాక్షీ పొన్నుదురై. షార్ట్‌వేవ్ కదా, పాట మధ్యలో అలలా పైకి లేచి మునిగిపోయేది, మిగతాది మనమే పాడుకోవాలి. హిందీ ‘సువర్ణసుందరి’లో లతా, రఫీ కలిసి పాడిన పాట వస్తే మాత్రం నాన్న వాల్యూం పెంచేసి, ఆ బాణీ మన ఆదినారాయణరావుదని పక్కింటి సింగ్‌గారికి వినబడేలా చెప్పేవారు. ఈ ఊళ్లో పెరిగినందుకు మూడు భాషల పాటలు ఉచితంగా వచ్చాయి. మా పిల్లలకు ఫోనులో అన్నీ దొరుకుతాయి గాని, గోడ అవతలి పాట వినబడదు. నాకది నష్టంగానే తోస్తుంది.

అమీన్ సయానీ 2024 ఫిబ్రవరిలో వెళ్లిపోయారు. మహిషాసురమర్దిని మాత్రం మిగిలే ఉంది. కాబట్టి మహాలయ ముందురోజు అలారం మూడున్నరకి పెట్టుకోండి. అటక మీద పాత లైసెన్సు పుస్తకాలుంటే కాగితాలవాడికి వేసేయకండి. దసరాకి బిష్టుపూర్ రామమందిరానికి వచ్చేటప్పుడు పట్టుకురండి, అందరం చూద్దాం.