ఒప్పుకున్నవారికే బోధ

మీరు ఈ పుస్తకం తెరిచారంటే, చదువుకోవాలని ఎప్పుడో నిశ్చయించుకున్నారన్నమాట. ఇంత చిన్న సంగతి నాకు తెలియడానికి ఒక ఇంగ్లీషు పలుకుబడి కావలసి వచ్చింది.

కొన్నేళ్ల క్రితం మీవంటి అభ్యాసకుల కోసం ఒక పుస్తకం రాస్తూ, మొదట్లోనే 'మీరు ఎందుకు చదవాలి?' అని నాలుగు పేజీలు పెట్టాను. చాలా శ్రమపడి రాశాను. నమూనా ప్రతి చూసిన పెద్దాయన ఒకరు అంచున ఎర్రసిరాతో ఒక్క ముక్క రాశారు: 'ప్రీచింగ్ టు ది క్వయర్'. ఈ చివరి మాటను అక్షరాలను బట్టి చదివితే 'చోయిర్' అనిపిస్తుంది. పలకడం మాత్రం 'క్వయర్' అనే పలకాలి.

క్వయర్ అంటే చర్చిలో పాటలు పాడే బృందం. పాస్టరుగారి బోధ ముఖ్యంగా ఎవరికి అవసరం? సందేహాలున్నవారికి, అసలు చర్చికే రానివారికి. పాడేవారు వారం వారం అందరికన్నా ముందే వచ్చి కూర్చుంటారు. ఆయన వారివైపు తిరిగి 'దేవుణ్ణి నమ్మండి' అని బతిమాలితే ఎలా ఉంటుంది? ముందే ఒప్పుకున్నవారిని మళ్లీ ఒప్పించబోవడాన్ని అందుకే ఇలా అంటారు. ఇది అమెరికా వాడుక. బ్రిటన్‌లో ఇంతకన్నా పాతది 'ప్రీచింగ్ టు ది కన్వర్టెడ్'. అంటే మతంలో చేరినవారికే మతబోధ చేయడం.

మన సామెతలతో పోల్చేటప్పుడు కొంచెం జాగ్రత్త. 'చెవిటివాని ముందు శంఖం ఊదినట్లు' అన్నప్పుడు వినేవాడికి వినపడదు. 'తాతకు దగ్గులు నేర్పినట్లు' అన్నప్పుడు వినేవాడికి మనకన్నా ఎక్కువ తెలుసు. ఇక్కడ వినేవాడికి చక్కగా వినపడుతుంది, మనకన్నా ఎక్కువ తెలిసి ఉండాలనీ లేదు. మన మాటతో అతనికి పేచీ లేదు, అంతే. సారా ముట్టనివారి సభలో సారా మానమని ఉపన్యసించేవారిని చూసి మీరు ఈ మాట అనవచ్చు.

అయితే ఒప్పుకున్నవారికి చెప్పడం ప్రతిసారీ వృథాయేనా? నాకు అలా తోచదు. నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలకు సారా చెడ్డదని ఎవరూ చెప్పనక్కరలేదు. రోజూ ఇంట్లో అనుభవిస్తున్నదే. అయినా 1990ల మొదట్లో, అక్షరాస్యతా తరగతిలో సారాపై పోరాడిన సీతమ్మ కథ చదివాక వారు కలిసికట్టుగా సారా దుకాణానికి అడ్డుపడ్డారు. ఉద్యమం ఊరూరా పాకింది. 1993 అక్టోబరు 1 నుంచి ఆంధ్రప్రదేశ్‌లో సారా నిషేధం అమలులోకి వచ్చింది. ఆ పాఠం వారికి కొత్త విషయం చెప్పలేదు. తాము ఒంటరివాళ్లం కామని చెప్పింది.

ఇదంతా నాకు తర్వాత తట్టిన వాదన. ఆరోజు మాత్రం ఎర్రసిరా చూసి కోపం వచ్చింది. కోపం తగ్గాక, ఆయన అన్నది నిజమేననిపించి, ఆ పేజీలు తీసేయాలనుకున్నాను. ఆ ఆదివారమే సంపర్క తరగతికి వెళ్లాను. అక్కడ ముందుగానే కొందరికి నమూనా ప్రతులు ఇచ్చి ఉన్నాం. ఇద్దరు పిల్లల తల్లి ఒకామె లేచి నిలబడింది.

"చదువు ఎందుకో నాకు తెలుసు సార్. మా అత్తగారికే తెలీదు. మీ నాలుగు పేజీలూ రాత్రి ఆవిడకు చదివి వినిపించాను. కాస్త పెద్ద అక్షరాల్లో వేయించండి, మా మామగారు సొంతంగా చదువుకుంటారు."

పేజీలు ఉంచేశాం. శీర్షిక మాత్రం మార్చాను: 'మీ ఇంట్లోవారికి చదివి వినిపించండి'.