నా వంతు నీళ్ళు

పోయిన మార్చిలో ఒక ఆదివారం ఇంటిల్లిపాదీ కప్పగల్లు గుట్టకు పోయినాం. ఆ గుట్ట బండలమీద వేల ఏండ్ల కిందటి మనుషులు చెక్కిన ఎద్దుల బొమ్మలు ఉన్నాయని బడిలో టీచరమ్మ చెప్పిందంట. అప్పటినుంచి మా పాప ఒకటే పోరు. నేను బళ్ళారిలోనే పుట్టి పెరిగినదాన్ని. ఆ గుట్టను దూరంనుంచి ఎన్నిసార్లు చూసినానో, ఎక్కింది మాత్రం లేదు. జిన్నింగు మిల్లులో పని. వారానికి దొరికేది ఒక్క రోజు సెలవు. అది బట్టలు ఉతకడానికీ, పిండి పట్టించడానికీ సరిపోతుంది.

ఆ రోజు నాలుగింటికే లేచినాను. జొన్న రొట్టెలు, చెనిక్కాయల పొడి, చిత్రాన్నం, పిల్లోనికి బొరుగులు, మా అత్తకు మెత్తగా పెరుగన్నం, అన్నీ కట్టినాను. అన్నీ కట్టుకొని ఆటో ఎక్కేసరికి పదిన్నర దాటింది. అయిదుమందిమి. నీళ్ళు రెండే సీసాలు, రెండేసి లీటర్లవి. తిండికి పెట్టిన బుద్ధి నీళ్ళకు పెట్టలేదు.

కింద చెట్టునీడలో మా అత్తను, చిన్నోన్ని ఒక సీసాతో కూర్చోబెట్టి మేము ముగ్గురం ఎక్కినాం. అది మట్టి గుట్ట కాదు. ఒకదానిమీద ఒకటి పేర్చినట్టు పెద్దపెద్ద గ్రానైటు గుండ్లు. పైన ఎండ, కింద పెనం మాదిరి కాలే బండ. మా ఆయన సీసా అందిస్తే "నాకు దప్పి లేదు, పాపకు ఇవ్వు" అన్నాను. అది అబద్ధం. నాలుక పిడచ కట్టుకొని పోతా ఉంది. కానీ నీళ్ళు తాగితే మళ్ళీ ఎక్కడికి పోవాల? ఆ గుట్టమీద మరుగు ఎక్కడుంది? మిల్లులోనూ అంతే కదా. షిఫ్టు మొత్తం గుక్కెడు నీళ్ళతో గడిపే అలవాటు మనలో ఎంతమందికి లేదు?

సగం ఎక్కినామో లేదో, పిక్కలు పట్టేసినాయి. తల తిరిగింది, కడుపులో తిప్పింది. ఆ తర్వాత నాకు తెలిసింది, ఒక గుండు నీడలో పడుకొని ఉన్నానని. మా ఆయన తువాలు తడిపి నా మెడమీద వేసి విసురుతా ఉన్నాడు. కొంచెం కొంచెంగా నీళ్ళు తాగించినాడు. పాప పక్కనే కూర్చొని ఏడుస్తా ఒక మాట అనింది.

"నేను కూడా తాగలేదమ్మా. నువ్వు తాగలేదని మూతి తడుపుకొని ఇచ్చేసినా."

పడినదానికంటే ఆ మాటే నాకు ఎక్కువ తగిలింది. పదేండ్ల పిల్లకు నేను నేర్పింది ఇదా?

బొమ్మలు చూడకుండానే దిగి వచ్చేసినాం. మరునాడు చూసిన డాక్టరమ్మ కోప్పడింది. "ఎండలో నడిచేవాళ్ళు దప్పి అయ్యేదాకా ఆగకూడదు. గంటకు అర లీటరన్నా కొంచెం కొంచెంగా తాగాల. మనిషి తిక్కతిక్కగా మాట్లాడినా, ఒళ్ళు నిప్పులా కాలినా, స్పృహ తప్పినా అది వడదెబ్బ. వెంటనే 108కి ఫోన్ చెయ్యాల, బండి వచ్చేదాకా ఒళ్ళు తడుపుతా ఉండాల" అని చెప్పింది.

ఈ జనవరిలో మళ్ళీ పోయినాం. ఈసారి పక్కింటి అక్కవాళ్ళను కూడా తోడు పిలిచినాను. వంట తగ్గించినాం, రొట్టెలు, ఉల్లిగడ్డ, పొడి, అంతే. తెల్లవారకముందే బయల్దేరినాం. మనిషికి రెండు లీటర్ల లెక్కన, ఎవరి సీసా వాళ్ళ భుజానికే. నా వంతు కూడా లెక్కలో ఉంది. ఒక సీసాలో లీటరు కాచిన నీళ్ళకు ఆరు చిన్న చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు తలకొట్టి కలిపినాం. తలకు తువాళ్ళు, కాళ్ళకు జారని చెప్పులు. ఎక్కడికి పోతున్నామో, ఎన్నింటికి వస్తామో వీధిలో చెప్పి పోయినాం. ఇంకొకటి, పాత చీర. నలుగురు ఆడవాళ్ళు నాలుగు పక్కల పట్టుకుంటే అదే గోడ. సిగ్గుపడకండి, ఈ చీర సంచిలో ఉంటేనే మీరు నీళ్ళు తాగుతారు.

ఎండ ముదరకముందే పైన నల్లరాతి వరుస దగ్గరికి చేరినాం. ఎర్రగా ఉండే గుట్ట నడుమ అదొక్కటే నల్లగా ఉంటుంది. ఆ రాళ్ళమీదనే ఉన్నాయి పొడుగు కొమ్ముల, మూపురం ఎద్దులు, మనుషుల బొమ్మలు. కొన్ని రాళ్ళమీద గుంతలు పడి ఉన్నాయి, అక్కడ రాయితో తడితే గంట మోగినట్టు మోగుతాయంట. మేము మాత్రం తట్టలేదు. ఈ గుట్టను గురించి ఫాసెట్ అనే తెల్లదొర 1892లోనే రాసినాడు. ఆ కాలం మనుషులు ఇక్కడి నల్లరాతితోనే గొడ్డళ్ళు చేసుకున్నారు. పశువుల పేడ కాలి పేరుకున్న బూడిద దిబ్బలు కూడా ఈ చుట్టుపక్కలే ఉన్నాయి. ఇంత పాత చోటికి రాళ్ళు కొట్టే పనితో ముప్పు వచ్చింది. మనం కూడా వాటిమీద పేర్లు గీకి ఇంకా పాడు చేయొద్దు.

పాప ఒక ఎద్దు బొమ్మ ముందర చాలాసేపు కూర్చుంది. లేచి సీసా మూత తీసి నాకు అందించింది.

"ముందు నువ్వు తాగు" అనింది.

తాగినాను, కడుపు నిండా. నేను తాగినాకనే అది తాగింది.