పాడే గాలిపటం



గుడ్ ఫ్రైడే నాడు మనం ఉపవాసముండి, పన్నెండు గంటల నుంచి మూడింటి దాకా సిలువ మీద ప్రభువు పలికిన ఏడు మాటలు ధ్యానిస్తాం. అట్లాంటిక్ సముద్రంలో బెర్ముడా అనే దీవులున్నాయి. అక్కడివాళ్లు అదే రోజున గాలిపటాలు ఎగరేస్తారు. పిల్లలూ పెద్దలూ అందరూను. ఆ పటాలు ఊరికే ఎగరవు, తుమ్మెదల గుంపులా రొద చేస్తాయి.

పూర్వం అక్కడొక బోధకుడు ప్రభువు ఆరోహణం గురించి చెబుతుంటే పిల్లలకు అర్థం కాలేదట. ఆయన గాలిపటం ఎగరేసి, దారం అయిపోయాక తెంపి వదిలి, "ఇలా వెళ్లాడు" అని చూపించాడట. ఈ ఆచారం అలా మొదలైందని చెప్పుకుంటారు. ఆ ఉపమానం నాకు సగమే నచ్చింది. తెగిన గాలిపటం ఎక్కడికి పోతుందో మన పిల్లల్ని అడగండి. పక్క చేలో తుమ్మచెట్టు మీదికి పోతుంది!

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, సంక్రాంతి వెళ్లాక మన సంఘంలో ఒక సహోదరి నన్నొక మాట అడిగింది. "అయ్యగారూ, పండగ మూడు రోజులూ మావాడు కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాడండి. నేనే ఎగరెయ్యనివ్వలేదు. ఎగరేస్తే పాపమాండి?" పక్కనే ఉన్న సంఘపెద్ద ఒకాయన "లోకాచారమమ్మా, వద్దు" అన్నారు. ఆయన భక్తిని నేను శంకించను. కానీ కాగితానికీ వెదురుబద్దకీ మతం లేదు. ఇంకో మాట కూడా చెప్పాలి. మన పిల్లలు మందిరం మీద విసుగు పెంచుకునేది చాలావరకు ఇలాంటి కిటికీల దగ్గరే. కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక 8వ అధ్యాయంలో పౌలు విగ్రహాలకు అర్పించిన మాంసం సంగతి తేల్చినప్పుడు, అటు స్వేచ్ఛనూ ఇటు బలహీనుడి మనస్సాక్షినీ రెంటినీ చూశాడు. అందుకని నేను మధ్యేమార్గం ఒకటి వెతికాను. ఈస్టరుతో కలిపి నలభయ్యో రోజు ఆరోహణ దినం వస్తుంది కదా, ఆ రోజు మన పిల్లలు గాలిపటం ఎగరేస్తారు. అదీ పాడే గాలిపటం.

సండేస్కూలు అయ్యాక పిల్లలతో కూర్చుని ఒకటి కట్టి చూశాం. మూడు వెదురుబద్దలు మధ్యలో కలిపి కట్టి, కొసల చుట్టూ దారం లాగితే ఆరు మూలలు వస్తాయి. దానికి మైదా జిగురుతో పల్చటి కాగితం అతికించాలి. ఒక బద్దను మాత్రం పైకి జానెడు ఎక్కువ వదలాలి. ఆ కొస నుంచి పక్క మూలలకు దారం బిగించి, ఆ దారం మీద కాగితపు పట్టీ మడిచి, అంచు వదులుగా ఉండేట్టు అంటించాలి. బెర్ముడావాళ్లు దీన్ని హమ్మర్ అంటారు. పాడేది అదే.

అసలు సంగతంతా బిగింపులో ఉంది. దారం వదులైతే పట్టీ టపటపలాడి ఊరుకుంటుంది. బిగించే కొద్దీ ఆ టపటప రొదగా మారుతుంది, ఇంకా బిగిస్తే స్వరం సన్నబడి పైకి లేస్తుంది. జొన్నచేలో పిట్టలు వాలకుండా కట్టే క్యాసెట్ రీలు జుయ్యిమంటుంది చూడండి, అదీ ఇదీ ఒకటే అని మా పిల్లాడొకడు పట్టేశాడు. కంబోడియాలో కోతల కాలంలో ఎగరేసే పటాలకైతే తలమీద విల్లే కడతారు. పట్టీ గాలికి అడ్డుపడుతుంది కాబట్టి పటం తల ఊగుతుంది, తోక పొడుగ్గా ఉండాలి. మా పటానికి పాత చీర అంచులు పది మూరలు పట్టాయి.

ఇంటర్ చదివే కుర్రాళ్లిద్దరు ఇంకో అడుగు ముందుకేశారు. రెండు దారాలతో గిరికీలు కొట్టే పటం కడతారట. కుడి దారం లాగితే కుడికి, ఎడమది లాగితే ఎడమకి తిరుగుతుంది. అడ్డంగా దూసుకుపోయేటప్పుడు వేగం పెరుగుతుంది, దానితో స్వరమూ హెచ్చుతుంది. దాంతో రాగం తీస్తామంటున్నారు. చూద్దాం.

హెబ్రీలో రూఆహ్ అన్నా, గ్రీకులో ప్న్యూమా అన్నా గాలికీ ఆత్మకీ ఒకటే మాట. యోహాను సువార్త 3వ అధ్యాయంలో ప్రభువు నీకొదేముతో మాట్లాడింది ఆ మాటతోనే. రాత్రిపూట దావీదు సితారా ఉత్తరపు గాలికి దానంతటదే మోగేదని యూదుల తల్మూదులో ఉంది. బైబిల్లో లేదు గనుక దాని మీద ప్రసంగం చెయ్యను గానీ, చెరువుగట్టు మీద మా పటం మొదటిసారి మోగినప్పుడు నాకు అదే గుర్తొచ్చింది. ఆ పటంలో పాట లేదు. దారం సడలిస్తే అది వట్టి కాగితం.

ఆ రోజు దారం పట్టుకున్నది కిటికీ దగ్గర కూర్చున్న ఆ పిల్లాడే. రొద దారం వెంట దిగి చేతిలోకి వస్తుంది. వాడు పైకి చూడలేదు, చేతికేసే చూసుకుంటూ "అయ్యగారూ, లాగుతోందండి" అన్నాడు. వాళ్లమ్మ కొంగు నోటికడ్డం పెట్టుకుని నిలబడింది. లోకాచారమన్న పెద్దాయన కాస్త దూరంలో సైకిలు ఆపి చూసి, ఏమీ అనకుండా వెళ్లిపోయారు. ఆయన్ని కూడా పిలిచాను, వస్తారో రారో తెలియదు.

ఆరోహణ దినం గురువారం సాయంత్రం ఎండ చల్లబడ్డాక అందరూ చెరువుగట్టు దగ్గరికి రండి. నూలు దారమే తెండి. గాజుపొడి మాంజా వద్దు, నైలాన్ మాంజా అసలే వద్దు. దాన్ని 2017లో జాతీయ హరిత ట్రిబ్యునల్ దేశమంతటా నిషేధించింది. కరెంటు తీగలున్న వైపు ఎవరూ వెళ్లకూడదు. పాత క్యాసెట్లు ఎవరింట్లోనైనా ఉంటే పంపండి, రీలు కావాలి. పిల్లలూ, ఇంట్లో అడిగే తెండి. మీ నాయనమ్మలు ఇంకా వింటున్న పాటలు అందులో ఉండొచ్చు.