ఆక్స్‌ఫర్డ్ స్ట్రీట్ నేలమాళిగ

లండన్ వెళ్లినవారు ఆక్స్‌ఫర్డ్ స్ట్రీట్‌లో బట్టల దుకాణాలు చూసి వస్తారు. 2023లో మా అబ్బాయి దగ్గరికి వెళ్లినప్పుడు నేను అదే వీధిలో నూరో నంబరు భవనం కూడా చూశాను. మెట్లు దిగితే ఎర్ర గోడల నేలమాళిగ, సుమారు 350 మందికి చోటు. దాని పేరు ‘హండ్రెడ్ క్లబ్’.

1942 నుంచి అక్కడ జాజ్ కచేరీలు జరిగేవి. 1976 సెప్టెంబరు 20, 21 తేదీల్లో సెక్స్ పిస్టల్స్, క్లాష్ వంటి కుర్రకారు బృందాలు వేదికెక్కాయి. వాద్యం పూర్తిగా పట్టుబడకపోయినా పాడవచ్చునన్న ఆ ధోరణికే పంక్ రాక్ అని పేరు. నా చెవికి అది పాట కన్నా కేకలాగే ఉంటుంది. అయినా ఉద్యోగాల్లేని ఆనాటి కుర్రవాళ్ల కోపానికి ఒక చోటు దొరికింది.

న్యూయార్క్‌లో ఇటువంటిదే సి.బి.జి.బి. 1973లో మొదలై, అద్దె తగాదాతో 2006లో మూతపడింది. తర్వాత అక్కడ ఖరీదైన బట్టల దుకాణం వెలిసింది. పాత పోస్టర్లున్న గోడ కొంత మిగిల్చారు గానీ, కచేరీలు పోయాయి.

లండన్ క్లబ్బుకూ 2010లో ఆర్థిక ఇబ్బందులతో అదే గతి పట్టబోయింది. పాల్ మెకార్ట్నీ వచ్చి పాడారు. ఒక బూట్ల కంపెనీ ఆదుకుంది. 2020లో వెస్ట్‌మినిస్టర్ కౌన్సిల్ వ్యాపార పన్ను పూర్తిగా మాఫీ చేసింది.

బ్యాంకువాణ్ణి గనుక నాకు ఈ పద్దు ఇట్టే అర్థమైంది. గోడకు ఫలకం తగిలించే ఖర్చు ఒక్కసారిదే. అద్దె, పన్ను ఏటేటా వస్తాయి. వాటి సంగతి చూసినవారే పాటను బతికించారు.