బేతేలు రాయి, కట్ట మైసమ్మ

సూరారం చెరువు కట్ట మైసమ్మ దగ్గరకు ఇప్పుడు జనం కార్లలో వస్తున్నారు. నేను చెప్పబోయేది గుడి గురించి కాదు, మా నాయనమ్మ చెప్పులు విడిచిన చోటు గురించి.

మాది క్రైస్తవ కుటుంబం. నాయనమ్మకు చదువు రాదు కనుక పాత నిబంధన రోజుకో అధ్యాయం చొప్పున నేనే చదివి వినిపించేవాణ్ణి. ఆదివారం ఆరాధన నుంచి వస్తూ ఆవిడ కట్ట దగ్గర చెప్పులు విడిచేది. పసుపు పూసిన రాయి వైపు చేతులు జోడించి, కొంగు సవరించుకుంటున్నట్టు నటిస్తూ కదిలేది. ఒకనాడు సంఘపెద్ద ఒకాయన కంటబడింది. మూడు నెలలు ప్రభువు బల్లకు దూరంగా ఉంచారు. నాన్న ఆజ్ఞపై ద్వితీయోపదేశకాండం 16వ అధ్యాయంలోని స్తంభాల నిషేధాన్ని ఆవిడకు రెండుసార్లు చదివి వినిపించింది నేనే. అప్పటికి నాకు పన్నెండేళ్ళు. గొంతులో ఎంత అధికారం ఒలకబోశానో తలచుకుంటే ఇప్పటికీ సిగ్గుగా ఉంటుంది.

ఆవిడ అంతా విని, "కట్ట దెగితే మన గుడిసెలే మునుగుతయి బిడ్డా. రాత్రంత కాసేదెవరు?" అంది. అంతే.

చాలా ఏళ్ళకు ఆదికాండం 28వ అధ్యాయం దగ్గర ఆగిపోయాను. యాకోబు తాను తలకింద పెట్టుకున్న రాయిని తెల్లవారి నిలబెట్టి, దానిమీద నూనె పోసి, ఆ చోటుకు బేతేలని పేరు పెడతాడు. నిర్గమకాండం 20లో రాతి బలిపీఠం కట్టాలంటే చెక్కని రాళ్ళే కావాలి, పనిముట్టు తగిలితే అపవిత్రం. నా చిన్ననాటి మైసమ్మ రాయీ ఉలి ఎరగనిదే. పస్కా రాత్రి ద్వారబంధాలకు పూసిన రక్తం గురించి చదువుతూ, ఊరి పొలిమేరలో పొలి చల్లడం గుర్తురాకుండా ఉండడం మావంటి వాళ్ళకు కష్టం.

అంటే తగువు మా ఇంట్లో మొదలైంది కాదు, ఆ గ్రంథంలోనే ఉంది. రాజులు రెండవ గ్రంథం 23లో యోషీయా దేవాలయాన్ని శుద్ధిచేసేనాటికి, అక్కడే స్త్రీలు అషేరా కోసం వస్త్రాలు నేస్తున్నారు. 1975-76 తవ్వకాల్లో సీనాయిలోని కుంతిల్లెత్ అజ్రూద్ వద్ద, పెద్ద జాడీల మీద యెహోవా పేరూ అషేరా పేరూ జంటగా రాసి కనిపించాయి. అది దేవి పేరో, ఆమె గుర్తుగా నిలిపిన కంబం పేరో పండితులు తేల్చుకోలేదు. నాయనమ్మనడిగితే తేడా ఏముందనేది కాబోలు.

ఈ పోలికను చివరిదాకా నడిపించినవారు మన తెలుగువారిలోనే ఉన్నారు. గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో కొన్ని మాదిగ కుటుంబాలు తాము ఎఫ్రాయిము గోత్రీకులమని, బెనె ఎఫ్రాయిములమని చెప్పుకుంటాయి. వారికి నాయకులైన షముయేల్, సాదోక్ యాకోబి సోదరులు ఒకప్పుడు క్రైస్తవ బోధకులు. 1990ల ఆరంభంలో సమాజమందిరం వెలసింది. గొడ్డుమాంసం తినడం, చనిపోయినవారిని పూడ్చడం వంటి పాత ఆచారాలే వారికి ఇశ్రాయేలు ఆనవాళ్ళు. యూలియా ఎగొరోవా, షాహిద్ పర్వేజ్ 2013లో వీరిపై ఒక పుస్తకమే వెలువరించారు. ఆఫ్రికాలోనూ ఇదే దారి ఉంది: ఇగ్బో ఆచారాలను యూదుల ఆచారాలతో పోలుస్తూ ఒలౌడా ఎక్వియానో 1789లోనే రాశాడు.

వారిని చూసి నవ్వలేను. అయినా ఒక సందేహం పీడిస్తుంది. భూమికంటే ముందు జాంబవుడు పుట్టాడని పటం చూపి డక్కలివాళ్ళు పాడే జాంబపురాణం మాదిగల ఇంటి సొత్తే కదా, పూర్వీకుణ్ణి వెతుక్కుంటూ షోమ్రోను దాకా వెళ్ళవలసి రావడమేమిటి? ఆ ప్రశ్న నాకూ తగులుతుంది. బేతేలు కథ దొరకగానే నాయనమ్మ నిర్దోషి అని ఎగిరి గంతేశాను, మైసమ్మకు యాకోబు సాక్ష్యం అవసరమైనట్టు. అప్పటికి ఆవిడ పోయి ఆరేళ్ళు.

నాన్నకు ఇప్పుడు చూపు తగ్గింది, చదివి వినిపించేది మళ్ళీ నేనే. మొన్న ఆ 28వ అధ్యాయమే వచ్చింది. నూనె పోసిన చోట ఆపమన్నారు. చాలాసేపటికి, "ఇది అమ్మకు సదివినవా?" అని అడిగారు.

లేదన్నాను.